స్విట్జర్లాండ్‌లో వాచీల చరిత్ర చూడాలంటే ఏ మ్యూజియంకి వెళ్లాలి?

జెనీవాలో ఒక్క పూటే ఉంటే వాచీల కంపెనీ పాటెక్ ఫిలిప్ వాళ్ల మ్యూజియం చాలు. రోజంతా ఖాళీ ఉంటే మాత్రం, నా ఓటు లా షో-ద-ఫోన్ ఊళ్లోని అంతర్జాతీయ గడియారాల మ్యూజియానికే. రైల్లో సుమారు రెండు గంటలు.

ఆ ఊరే సగం మ్యూజియం. 1794లో మంటల్లో చాలావరకు కాలిపోయాక, తిన్నటి వీధులతో మళ్లీ కట్టారు. వాచీలు చేసే సన్నటి పనికి వెలుతురు కావాలి కదా, అందుకే ఇళ్లకు అన్నేసి కిటికీలు. 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

మ్యూజియం చాలావరకు భూమి లోపలే ఉంటుంది. నీడగడియారాల నుంచి అణు గడియారాల దాకా అన్నీ ఉన్నాయి. అన్నీ చూడాలని పరుగెత్తకండి. ఎస్కేప్‌మెంట్ దగ్గర కాసేపు ఆగండి: చుట్టిన స్ప్రింగ్ బలం ఒక్కసారిగా విడిపోకుండా, చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగం అది. మనం వినే టిక్ టిక్ దానిదే. ఇది అర్థమైతే మిగతా మ్యూజియం సులువు.

సోమవారం సెలవు. ఇక, పిల్లలకు ముందే రుచి చూపించాలంటే, హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం ఉండనే ఉంది.