చిన్న డ్రమ్ కోర్‌లకు డబ్బూ ప్రేక్షకులూ ఎందుకు కరవు?

అమెరికాలో వేసవి అంతా ఊరూరా తిరుగుతూ పోటీపడే డ్రమ్ కోర్‌లలో (డ్రమ్ములు, ఇత్తడి బాకాలు వాయిస్తూ మైదానంలో కవాతు చేసే యువ బృందాలలో) చిన్నవి ఎందుకు నిలదొక్కుకోలేవని అడిగారు. అసలు భారం ప్రయాణానిది. రాత్రి ప్రదర్శన ముగిశాక పిల్లలు పార్కింగ్ స్థలంలో వంటబండి పక్కన నిలబడి తింటారు, బస్సులోనే కునుకు తీస్తారు, తెల్లవారుజామున మరో ఊరి పాఠశాల జిమ్‌లో నేలమీద పక్క పరుచుకుంటారు. బృందంలో సభ్యులు సగమైనంత మాత్రాన ఖర్చు సగం కాదు. వాయిద్యాల ట్రక్కుకూ వంటబండికీ డీజిలు పోయాల్సిందే, డ్రైవర్లకు జీతాలు ఇవ్వాల్సిందే.

ఒకప్పుడు చర్చిలు, అమెరికన్ లీజియన్ వంటి మాజీ సైనికుల సంఘాలు తమ పేటల పిల్లల కోసం ఈ బృందాలను పోషించేవి. ఆ అండ తగ్గిపోయింది. ఇప్పుడు బింగో (తంబోలా) ఆటల రాబడి, విరాళాలు, సభ్యులు కట్టే వేల డాలర్ల రుసుమే దిక్కు. బాగా వాయించడం నేర్చుకున్న పిల్లలు పెద్ద బృందానికి వెళ్లిపోతారు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే, ఎందుకంటే వాళ్లకు ఓనమాలు దిద్దించింది చిన్న బృందమే.

ఇక ప్రేక్షకులు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పూర్వ సభ్యులు, తల్లిదండ్రులు, హైస్కూల్ బ్యాండ్ విద్యార్థులు. వాళ్ల ఎదురుచూపు బ్లూ డెవిల్స్ వంటి పెద్ద పేర్ల కోసం. చిన్న బృందాలు సాధారణంగా ముందే వాయిస్తాయి, అప్పటికి జనం ఇంకా సీట్లు వెతుక్కుంటూనే ఉంటారు.

పెద్దవాటికీ గండం తప్పడం లేదు. శాంటా క్లారా వాన్‌గార్డ్ 2023లో పోటీలకు రాలేదు. 1934లో పుట్టిన కెడెట్స్ 2024లో మూతపడింది.