చలికాలం సైకిల్ గ్లౌజులు: మేనకోడలికి ఒక లేఖ

అమ్మలూ,

డిసెంబరులో 300 కిలోమీటర్ల బ్రెవేకి, అదే గడువులోగా తొక్కి ముగించాల్సిన దూరపు సైకిల్ రైడ్‌కి, పేరిచ్చావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. గ్లౌజులు ఏవి కొనాలో తేలక టెన్షన్ పడుతున్నావట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను.

ఆన్‌లైన్‌లో నీకు కనిపిస్తున్న మందపాటి గ్లౌజులు చాలావరకు మంచు కురిసే దేశాల కోసం చేసినవి. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. మామూలు చలికాలంలో తెల్లవారుజామున ఊళ్లో పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. చలిగాలులు వీచే రోజుల్లో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు పదికి కిందికి దిగుతుంది. కాబట్టి 'మైనస్ 5 దాకా పనికొస్తుంది' అని రాసి ఉన్నవి నీకు వద్దు. వాటిలో కాసేపటికే అరచేతులు చెమటతో తడిసిపోతాయి. తర్వాత ఆ తడే చలి పుట్టిస్తుంది, ఎందుకంటే నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది.

మన దగ్గర చేతుల్ని ఎక్కువ బాధపెట్టేది ఎదురుగాలి. పది డిగ్రీల చలిలో గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే చర్మానికి అది ఏడు డిగ్రీల చలిలా తగులుతుంది. అందుకే నీ మొదటి జత పల్చగా, వేళ్లన్నీ కప్పేలా, పైభాగం గాలి ఆపే గుడ్డతో ఉండాలి. లోపల సన్నటి నూగు గుడ్డ ఉంటే చాలు. షాపులో గ్లౌజు వెనక వైపు నోటికి ఆనించి గట్టిగా ఊదు. అవతలికి ఊపిరి తగిలిందంటే రోడ్డు మీద గాలి కూడా అలాగే దూరుతుంది. చలికాలంలో ఫుట్‌పాత్‌ల మీద అమ్మే ఉన్ని గ్లౌజులు నడకకు బాగుంటాయి గానీ సైకిల్‌కి పనికిరావు. గాలిని ఆపవు, హ్యాండిల్ మీద జారతాయి కూడా. ఇంకో మాట, ఛాతీకి గాలి తగులుతుంటే ఎంత మంచి గ్లౌజులున్నా లాభం లేదు. ఒళ్లు చల్లబడగానే లోపలి అవయవాల్ని కాపాడుకోవడానికి చేతులకు వెళ్లే రక్తం తగ్గిపోతుంది. డబ్బు తక్కువుంటే ముందు విండ్‌చీటర్ కొనుక్కో.

ఇక వాన సంగతి. డిసెంబరులో వానేంటి అనుకోకు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ కూడా ముసురు పట్టింది. అలాంటి రోజు వికారాబాద్ రోడ్డు మీద ఉంటే తడిసిన చేతులతో బ్రేక్ పట్టడం కష్టమవుతుంది. అందువల్ల వాటర్‌ప్రూఫ్ జత అవసరమే. కానీ దాన్ని మొదటి జతగా వాడొద్దు.

వాటర్‌ప్రూఫ్ గ్లౌజు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎంచుకోవడం తేలిక. బయటి గుడ్డకీ లోపలి లైనింగ్‌కీ మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది. దాని రంధ్రాల్లోంచి ఆవిరి పోగలదు, నీటి చుక్క దూరలేదు. గోర్‌టెక్స్ అంటే అలాంటి పొరే. ఆ ఆవిరి బయటికి పోవాలంటే బయట చల్లగా, పొడిగా ఉండాలి. మన ముసురులో గాలి నిండా తేమే కాబట్టి అది సరిగ్గా పోదు, చెమట లోపలే నిలుస్తుంది. పైగా బయటి గుడ్డకు నీరు అంటకుండా పూసిన పూత వాడేకొద్దీ అరిగిపోతుంది. అప్పుడు గుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, లోపలికి చుక్క రాకపోయినా చెయ్యి చల్లబడుతుంది. పొర విడిగా వేలాడే రకంలో, చెమట చేతిని బయటికి లాగినప్పుడల్లా లైనింగ్ వేళ్లతో పాటు వచ్చేస్తుంది. మళ్లీ దాన్ని సర్దుకుని తొడుక్కోవడం నరకం. లైనింగ్ ఉన్నది కొనేట్టయితే పొరా లైనింగూ అతికించి ఉన్నవే తీసుకో.

నేనైతే లైనింగ్ లేని పల్చటి వాటర్‌ప్రూఫ్ కవర్ లాంటి గ్లౌజునే కొనమంటాను. మొదటి జత మీద తొడుక్కునేంత వదులుగా ఉండాలి. మడిచి జెర్సీ జేబులో పెట్టుకుని, వాన మొదలైనప్పుడు మాత్రమే తీయాలి. కుట్ల లోపలి వైపు టేపు వేసి ఉందో లేదో చూడు, సూది రంధ్రాల్లోంచే నీరు దూరుతుంది. సైకిల్ మీద చేతులు ముందుకు, కిందికి వాలి ఉంటాయి కాబట్టి చొక్కా చెయ్యి మీద పడిన నీరంతా మణికట్టు వైపే కారుతుంది. అందుకని జాకెట్ చెయ్యి గ్లౌజు పైన ఉండాలి, లోపల కాదు. చాలామంది తడిసేది ఇక్కడే.

సైజు విషయంలో తొందరపడకు. బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ టేపుతో కొలిచి, ఆ కంపెనీ చార్ట్‌తో పోల్చు. ఆడా మగా ఇద్దరికీ ఒకటే అని అమ్మే గ్లౌజుల్లో నీలాంటి సన్నటి చేతులకు వేళ్ల కొసల్లో ఖాళీ మిగిలిపోతుంది, ఆ మడత బ్రేక్‌కీ వేలికీ మధ్య చిక్కుకుంటుంది. బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడక ఇంకా చలేస్తుంది. డెకథ్లాన్ లాంటి షాపుకి వెళ్లి, తొడుక్కుని, అక్కడున్న సైకిల్ హ్యాండిల్ పట్టుకుని చూడు. రెండు వేళ్లతో బ్రేక్ నొక్కు, గేరు మార్చు, జిప్పు లాగు. ఇందులో ఏ ఒక్కటి ఇబ్బందిగా ఉన్నా ఆ జత అక్కడే పెట్టేసి వచ్చెయ్. మోటార్‌సైకిల్ గ్లౌజులు గాలిని బాగా ఆపుతాయి నిజమే, కానీ ఆ మందానికి సైకిల్ బ్రేక్ ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియదు.

ఇంకోటి జాగ్రత్తగా విను. చలికి మొద్దుబారితే వేళ్ల కొసలన్నీ మొద్దుబారతాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రమే తిమ్మిరెక్కితే అది చలి కాదు, అరచేతి అంచున ఉన్న నరం మీద పడుతున్న ఒత్తిడి. దానికి ఇంకా వెచ్చటి గ్లౌజు కొంటే తగ్గదు. హ్యాండిల్ ఎత్తు, సీటు వంపు చూపించుకోవాలి, చేతులు మాటిమాటికీ మార్చి పెట్టుకోవాలి. వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారి నొప్పెడుతుంటే మాత్రం డాక్టరుకి చూపించు.

300కి ఇరవై గంటల గడువు. పొద్దున ఆరుకి బయల్దేరితే రాత్రి రెండు వరకూ సమయం ఉంటుంది. మధ్యాహ్నం ఎండలో గ్లౌజులు తీసేస్తావు, అప్పుడు చెమట పట్టినవాటిని బ్యాగు అడుగున కుక్కొద్దు, ఆరేలా పైన తగిలించు. అసలు చలి ఒళ్లు అలిసిపోయాక, చివరి గంటల్లో వస్తుంది. ఆ గంటల కోసం జిప్ కవర్లో ఒక పొడి జత పెట్టుకో, ఖరీదైనది అక్కర్లేదు.

వాటర్‌ప్రూఫ్ జతను ఉతికేటప్పుడు ఫాబ్రిక్ కండిషనర్ వాడితే ఆ పొర రంధ్రాలు మూసుకుపోతాయి. లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడన ఆరబెట్టు, హీటర్ దగ్గర వద్దు.

కొత్త జతతో నేరుగా బ్రెవేకి వెళ్లకు. ముందు గండిపేట దాకా తెల్లవారుజామున ఒకసారి తొక్కు, మొద్దుబారితే ఏ వేళ్లు మొద్దుబారాయో గుర్తుపెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి.

నీ మామయ్య