మూడో తరగతి పిల్లలను సర్వే పరీక్షకు సిద్ధం చేయడం గురించి మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొండపి దగ్గరి మీ బడిలో మూడో తరగతి పిల్లల చేత రోజూ మధ్యాహ్న భోజనం వేళ వరకు మాదిరి ప్రశ్నపత్రాలే చేయిస్తున్నావనీ, అయినా మార్కులు పెరగడం లేదనీ, సమావేశంలో నలుగురి ముందు ఆ మాదిరి పత్రాలలో మీ బడి ఫలితం చదివినప్పుడు చాలా చిన్నబోయావనీ రాశావు. నీ శ్రమను నేను తక్కువ చేయను. అయితే ఆ శ్రమ పడవలసిన చోట పడడం లేదని నాకు అనిపిస్తోంది. పిల్లల చేత మరిన్ని పత్రాలు చేయించే ముందు, ఇప్పటికే చేసిన పత్రాలలో వారు ఎంచుకున్న తప్పు జవాబులను నువ్వు శ్రద్ధగా చదవాలి.

ముందుగా ఈ సర్వే సంగతి తెలుసుకుంటే నీ భయం కొంత తగ్గుతుంది. పిల్లలకు చదువు ఎంతవరకు వచ్చిందో చూడడానికి 2017లోనూ 2021లోనూ జరిగిన జాతీయ సాధన సర్వే గానీ, అదే పనిగా 2024లో పరఖ్ పేరుతో జరిగిన సర్వే గానీ దేశంలోని అన్ని బడులలో పెట్టిన పరీక్షలు కావు. కొన్ని బడులను ఎంపిక చేసి, వాటిలోని పిల్లల జవాబులను బట్టి జిల్లా మొత్తం మీద చదువు ఎలా ఉందో లెక్కగడతారు. నివేదికలు జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి వస్తాయి తప్ప ఫలానా పిల్లవాడు తప్పాడని గానీ, ఫలానా పంతులమ్మ చెప్పలేకపోయిందని గానీ తేల్చవు. మూడో తరగతి వారికి ఓఎంఆర్ షీటులో, అంటే యంత్రం దిద్దే జవాబు కాగితంలో, గుండ్రాలు దిద్దే అభ్యాసం కూడా అంత అవసరం లేదు. 2021 సర్వేలో ఆ వయసు పిల్లలు ప్రశ్నపత్రంలోనే జవాబు గుర్తిస్తే, బయటి నుంచి వచ్చిన పరిశీలకులే దాన్ని షీటులోకి ఎక్కించారు. గుండ్రాలు దిద్దించడానికి నువ్వు వెచ్చిస్తున్న గంటను చదివించడానికి మళ్లించు.

ఇక తప్పు జవాబుల విషయం. 52 లోంచి 27 తీసివేయమని అడిగి 25, 35, 45, 79 అని నాలుగు జవాబులు ఇచ్చారనుకో. 79 ఎంచుకున్న పిల్లవాడు గుర్తును గమనించకుండా కూడేశాడు. వాడికి కావలసింది కాస్త నిదానం మాత్రమే. 35 ఎంచుకున్న పిల్లవాడి సంగతి వేరు. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి, వాడు 7 లోంచి 2 తీసేసి 5 వేశాడు. పదుల స్థానం నుంచి ఒక పదిని విడదీసి తెచ్చుకోవడం వాడికి ఇంకా తెలియదు. వాడి చేత అలాంటి లెక్కలు వంద చేయించినా వంద సార్లూ అదే పద్ధతిలో చేస్తాడు, ఆ తప్పు మరింత గట్టిపడుతుంది. వాడికి చింతగింజలూ, పదేసి పుల్లల కట్టలూ ఇచ్చి, ఒక కట్టను తన చేతితోనే విప్పేలా చేయి. ఆ పని నేలమీద కూర్చుని చేయించాలి. బోర్డు మీద ఎంత బాగా రాసినా ఆ ఫలితం రాదు. 45 ఎంచుకున్నవాడిని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, ఎలా చేశావో చెప్పమని అడుగు. ఊహించి గుర్తు పెట్టాడో, మరేదైనా దారిలో వెళ్లాడో వాడి నోటి నుంచే వినాలి. ఇలా చూస్తే ఒకే లెక్క తప్పిన ముగ్గురికి మూడు వేర్వేరు పాఠాలు అవసరమని తెలుస్తుంది. మార్కుల పట్టికలో ఆ ముగ్గురికీ సున్నాయే కనిపిస్తుంది.

ఇది మీ ఊరికే ఉన్న కొరత అని కూడా అనుకోవద్దు. 2024 సర్వేలో 99 లోపు సంఖ్యలను ఆరోహణ, అవరోహణ క్రమాల్లో పెట్టగలిగిన మూడో తరగతి పిల్లలు దేశం మొత్తం మీద 55 శాతమే. రెండంకెల కూడికలు, తీసివేతల కన్నా ముందు, సంఖ్యలో ఏ అంకె విలువ ఎంతో మీ పిల్లలకు తెలుసో లేదో చూసుకో.

తెలుగులో నీకు అడ్డంకి ఎక్కువగా ఒత్తుల దగ్గర వస్తుంది. గుణింతాల వరకు చకచకా చదివిన పిల్లలు సంయుక్తాక్షరం రాగానే ఆగిపోతారు. అలా ఆగుతూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏం చదివారో మరచిపోతారు. సర్వేలో నాలుగైదు వాక్యాల పేరా ఇచ్చి ‘ఎందుకు’ అని అడిగితే, వారు ఆ ప్రశ్నలోని ఏదో ఒక మాటను పేరాలో వెతికి, దాని పక్కనున్నదాన్ని గుర్తు పెడతారు. అందుచేత ప్రతి రోజూ ప్రతి బిడ్డా నీ ఎదుట నిలబడి నాలుగు వాక్యాలు పైకి చదవాలి, చదివినదాన్ని తన ఇంటి మాటలో తిరిగి చెప్పాలి. రెండు మూడు తరగతులను ఒక్కదానివే చూసుకోవలసినప్పుడు ఇది కష్టమే. ఐదో తరగతి పిల్లలలో బాగా చదివేవారికి చిన్నవాళ్లను జతచేయి; పెద్దవాళ్ల చదువు కూడా మెరుగవుతుంది. లెక్కల పుస్తకంలో ఎదురెదురు పేజీలలో తెలుగూ ఇంగ్లీషూ ఉన్నాయి కదా, ప్రశ్నను ముందు తెలుగు పేజీలో అర్థం చేసుకున్న తరువాతే ఇంగ్లీషు వైపు వెళ్లనీ.

కాలాన్ని కూడా లెక్కలో పెట్టుకో. పైన చెప్పిన మూడు సర్వేలూ నవంబరులోనో డిసెంబరు మొదటి వారంలోనో జరిగాయి. మన తీరానికి అవి తుపాన్ల నెలలు, ఎన్ని రోజులు బడి మూతపడుతుందో ముందుగా చెప్పలేం. ఆ తరువాత పొగాకు కోసి, ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లకు చేర్చే పనులు మొదలైతే, తల్లిదండ్రులు తెల్లవారకముందే పొలానికి వెళ్తారు, చంటిపిల్లలను చూసుకోవడానికి పెద్దపిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు. కాబట్టి అసలైన పనిని జూన్‌లో మొదలుపెట్టి దసరా సెలవుల లోపే చాలావరకు పూర్తిచేయాలి. బడి మానుతున్న పిల్లల ఇళ్లకు సాయంత్రం వెళ్లి తల్లితో మాట్లాడు. నోటీసు పంపితే రానివారు కూడా, పంతులమ్మ గడపలోకి వచ్చి అడిగితే పంపిస్తారు.

పరీక్ష రోజున ఎవరు ఏమన్నా ఒక్క జవాబు కూడా పిల్లలకు అందించవద్దు, బోర్డు మీద సూచనలు ఉంచవద్దు. బలహీనంగా ఉన్న పిల్లలను ఆ రోజు ఇంటి దగ్గర ఉండమని చెప్పే ఆలోచన అసలే వద్దు. అలా వచ్చిన అంకె వల్ల, మీ జిల్లా పిల్లలకు తీసివేతలు వచ్చునని పైవారు నమ్ముతారు. రావలసిన శిక్షణ, రావలసిన పుస్తకాలు మరో చోటికి పోతాయి.

ఈ వారం మూడో తరగతికి పది తీసివేతలు ఇచ్చి, కొట్టివేతలతో సహా పిల్లలు రాసిన కాగితాలను దిద్దకుండానే నాకు పంపించు. ఎవరికి ఏ పాఠం కావాలో విడదీసి, ముందుగా ఎవరితో కూర్చోవాలో పక్కన రాసి తిప్పి పంపుతాను.

ఇట్లు,
మామయ్య