రెండు సాయంత్రాలకే మూసేసిన గేమ్ గురించి

చిట్టికి, బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రే చూశాను. రెండు ముక్కల్లో తేలేది కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. అన్నయ్య కొనిచ్చిన ఎలీట్ డేంజరస్, అదే అంతరిక్షంలో షిప్పు నడిపే ఆ కంప్యూటర్ గేమ్, రెండు సాయంత్రాలు ఆడావు. మొదటి రోజు అంతరిక్ష స్టేషన్‌లోంచి బయటపడటానికే సరిపోయింది. రెండో రోజు బయటికైతే వచ్చావు గానీ, మళ్లీ లోపలికి వెళ్లలేక గోడకి గుద్దుకుని, విసుగొచ్చి మూసేశావు. "నీకు ఓపిక లేదు" అని వాడు తేల్చేశాడు. "నిజంగానే ఇది నా బుర్రకెక్కదా బాబాయ్?" అని నీ ప్రశ్న.

ముందు ఆ ఓపిక సంగతి చూద్దాం. లిఫ్ట్ అర నిమిషం ఆలస్యమైతే తిట్టుకుంటూ నాలుగంతస్తులు ఎక్కే మనిషి మీ అన్నయ్య. నువ్వేమో చిక్కుపడ్డ ఊలు ఉండ ముందేసుకుని మధ్యాహ్నమంతా విప్పిన పిల్లవి. ఆ ఉండ వాడి చేతికిస్తే కత్తెర అడిగేవాడు. ఓపిక అందరి దగ్గరా ఎంతో కొంత ఉంటుందే, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టబుద్ధవుతుందన్న దగ్గరే మనిషికీ మనిషికీ తేడా. ఈ గేమ్‌లు కొందరికి ప్రాణం, కొందరికి శిక్ష ఎందుకవుతాయో నాకు అర్థమైనంత చెబుతా. ఆ తర్వాత ఆడతావో మానేస్తావో నీ ఇష్టం.

ఇది ఇవాళ్టి తగాదా కూడా కాదు. 1979లో అటారీ కంపెనీ నాణెం వేసి ఆడే రెండు ఆర్కేడ్ మెషీన్లు తెచ్చింది. రెండింట్లోనూ నల్లటి తెర మీద తెల్లటి గీతలే. ఒకటి లూనార్ ల్యాండర్: ఇంధనం అయిపోయేలోగా చంద్రుడి మీద మెల్లగా దిగాలి. రెండోది ఆస్టరాయిడ్స్: దూసుకొచ్చే రాళ్లని పేల్చాలి. మొదటిది ఐదు వేలు కూడా తయారు కాలేదు, రెండోది దాదాపు 70 వేలు. ఆస్టరాయిడ్స్‌కి గిరాకీ ఎలా ఉందంటే, మొదట్లో కొన్నింటిని లూనార్ ల్యాండర్ కోసం చేసిన పెట్టెల్లోనే సర్ది పంపారు. జనం ఎటు మొగ్గారో చూశావుగా? వాళ్లందరికీ ఓపిక లేదని ఎవరైనా అన్నారా? నాణెం వేసినవాడికి ఆ రెండు నిమిషాల్లో ఏం కావాలో అది తీసుకున్నాడు, అంతే.

నీ గేమ్‌కి అమ్మమ్మలాంటిది 1984లో వచ్చిన ఎలీట్. డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు కాలేజీలో చదువుకుంటూ రాశారు. దాన్ని మొదట చూసిన ఒక కంపెనీ, ఆటగాడికి మూడు ప్రాణాలివ్వండి, పది నిమిషాల్లో తేలిపోయేలా చెయ్యండి, స్కోర్ పెట్టండి అని తిప్పి పంపింది. వీళ్లు మార్చలేదు. వేరే సంస్థ ద్వారా తెచ్చారు. అందులోనూ స్టేషన్ గిరగిరా తిరుగుతూ ఉండేది, అందులోనూ జనం దాని గోడకే గుద్దుకునేవాళ్లు. నువ్వు నలభై ఏళ్ల నాటి గోడకి గుద్దుకున్నావన్నమాట.

సరే, ఆ గోడ దగ్గరికే వద్దాం. 7.5 కిలోమీటర్ల లోపలికొచ్చాక దిగడానికి అనుమతి అడగాలి. ప్యాడ్, అంటే లోపల నువ్వు దిగాల్సిన చోటు, దాని నంబర్ చెబుతారు. ఎదురుగా సన్నటి చీలికలాంటి ద్వారం. దానికి ఓ పక్క పచ్చ లైట్లు, ఇంకో పక్క ఎర్ర లైట్లు. పచ్చవి నీ కుడివైపు ఉండేలా చూసుకుని, ద్వారం తిరుగుతున్నంత నెమ్మదిగానే షిప్పునీ తిప్పుతూ లోపలికి పోవాలి. వేగం సెకనుకి 100 మీటర్లు దాటకూడదు. మొదటిసారి ఇదంతా చేసి లోపలికెళ్లానని నేను తెగ సంబరపడిపోయాను. తీరా ప్యాడ్ మీద ఎంతసేపున్నా షిప్పు దిగదు. పడవలా అటూ ఇటూ ఊగుతోంది. నెత్తిమీద టైమర్ తగ్గిపోతోంది. ఇంతకీ ఏమిటంటే, ల్యాండింగ్ గేర్, అదే షిప్పు కాళ్లు, దించలేదు. దించగానే 'ఠక్' మని లాక్ పడింది. చిట్టీ, ఆ ఠక్ వినగానే కుర్చీలో వెనక్కి వాలిపోయి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పాయింట్లు రాలేదు, చప్పట్లు కొట్టలేదు ఎవరూ. ఇందాకటిదాకా నా చేతులకి రానిది ఇప్పుడు వచ్చింది, అంతే.

మీ పిన్ని వెనకాలే నిలబడి చూస్తోంది. "ఇంతసేపూ చూశాను, ఇప్పుడు ఏం జరిగిందని?" అంది.

నిజమే కదా! బండి పార్కింగ్‌లో పెట్టాను. ఆవిడ దృష్టిలో జరిగింది అదే. ఆవిడ తప్పేం లేదు, నాదీ లేదు.

ఇంకో గేమ్ ఉంది, కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. 2011లో మొదటిసారి బయటికొచ్చి, 2015లో పూర్తి రూపం తొడుక్కుంది. అక్కడ రాకెట్ నువ్వే కట్టుకుని ఎగరేయాలి. అందరూ చేసేదే నేనూ చేశాను: నిటారుగా పైకి పంపాను. 70 కిలోమీటర్లతో అక్కడి గాలి పొర అయిపోతుంది, అది దాటాను, గెలిచాననుకున్నాను. రాకెట్ ఒక్క క్షణం ఆగి, చక్కగా తిరిగొచ్చి కింద పడింది. రెండోసారి ఇంకా ఇంధనం నింపి ఇంకా పైకి పంపాను. ఇంకా గట్టిగా పడింది. కక్ష్యలో నిలబడాలంటే ఎత్తు ఒక్కటే చాలదు, పక్కకి పరుగెత్తాలి. ఆ బుల్లి గ్రహం మీద సెకనుకి రెండు కిలోమీటర్ల పైచిలుకు, మన భూమికైతే దాదాపు ఎనిమిది. కింద పడుతూనే ఉండాలి, నేల తగలకుండా పక్కకి తప్పించుకుపోతూ ఉండాలి. బళ్లో సూత్రంగా బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్న విషయమే ఇది. ఒంటికి తెలిసింది మాత్రం ఆ రాకెట్ నాలుగోసారి కూలినప్పుడే. ఇంత తెలిశాక కూడా గాలే లేని చందమామ మీదకి పారాచూట్లు కట్టి పంపానంటే నమ్ముతావా?

ఇలా పడిపోయినప్పుడల్లా నన్ను నేను వెనకేసుకురావడానికి ఒక కథ గుర్తుచేసుకుంటా. 1965 జూన్‌లో జెమిని 4 అనే అమెరికా వ్యోమనౌకలో వెళ్లిన జేమ్స్ మెక్‌డివిట్, తమ రాకెట్ నుంచి విడిపోయిన భాగం దగ్గరికి చేరాలని చూశాడు. అది కళ్లెదుటే కనబడుతోంది. దానివైపు తిప్పి ఇంజిన్ వేశాడు. దగ్గరవ్వాల్సింది పోయి దూరమైంది. ఇంకొంచెం వేశాడు. బోలెడు ఇంధనం తగలేసి ఊరుకోవలసి వచ్చింది. ఎందుకంటే కక్ష్యలో ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించాలి. తగ్గితే కిందికి దిగుతావు, కిందికి దిగితే చుట్టు చిన్నదై ముందుకెళ్తావు. మనకి పుట్టినప్పటి నుంచీ అలవాటైన లెక్కకి పూర్తిగా తిరకాసు. ఇది చదివి "భలే!" అనిపించిందా, "ఎవరిక్కావాలిప్పుడు ఇది" అనిపించిందా? ఏదనిపించినా పరవాలేదు, కానీ నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

నా లెక్కలో ఈ తేడాకి మూడు కారణాలు. మొదటిదే అసలు విషయం. ఈ గేమ్‌లలో షిప్పు పేలాక మొదటి నిమిషం ఉంటుంది చూశావూ, అది ఒక్కొక్కరికి ఒక్కోలా గడుస్తుంది. కొందరికి "ఎందుకు?" అనే దురద మొదలవుతుంది. గేమ్ మోసం చెయ్యలేదు, నియమం నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది, తప్పెక్కడో నాలోనే ఉంది అంటే వాళ్లకి ఊరట. ఇంకొందరికి అదే మాట చెంపదెబ్బ. పొద్దుణ్ణుంచీ నీది తప్పు, ఇది సరిచెయ్యి అని ఆఫీసులో వినీ వినీ ఇంటికొస్తే, తెర కూడా అదే మాట అంటుందా? అలాంటి రోజున రాళ్లు పేల్చుకోవడమే మందు. నేనూ పేల్చాను, ఏం దాచను.

రెండోది నిశ్శబ్దం. నీ గేమ్‌లో ఆల్ఫా సెంటారీ దగ్గర హట్టన్ ఆర్బిటల్ అనే స్టేషన్ ఉంది. ఆ నక్షత్ర వ్యవస్థలోకి అడుగుపెట్టిన చోటి నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరం. మామూలు షిప్పులో గంట పైనే తిన్నగా పోతూ ఉండాలి. దారిలో ఏమీ రాదు, ఏమీ జరగదు. అక్కడికి పోతే షిప్పు ఉచితంగా ఇస్తారని పాతవాళ్లు కొత్తవాళ్లని ఆటపట్టించి పంపుతుంటారు. పోతే దొరికేది హట్టన్ మగ్ అనే సరుకు. దానికోసం తెలిసి తెలిసి వెళ్లేవాళ్లున్నారు! ఆ గంటలో పాటలు వింటారు, కిటికీలోంచి చూస్తున్నట్టు చూస్తారు. అంత పెద్ద ఖాళీలో తాము ఒక్కళ్లే ఉన్నామన్న ఊహే వాళ్లకి ఇష్టం. మీ పిన్నికి ఇది చెబితే, "ఆ గంట నాకిస్తే కాస్త నిద్రపోతాను" అంది.

మూడోది, ఏం చెయ్యాలో ఎవరూ చెప్పకపోవడం. 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు ముందు పెట్టి, పో అంటుంది నీ గేమ్. కొందరికి రెక్కలొచ్చినట్టుంటుంది. కొందరికి రైలు దిగాక ఎవరూ ఎదురురానట్టుంటుంది. దీని గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, అది మన స్వభావం.

ఇప్పుడు నువ్వు చెయ్యవలసింది చెబుతా. ఇంకో మూడు సాయంత్రాలివ్వు, నాలుగోది వద్దు. సోలో మోడ్‌లో ఆడు, నిన్ను కాల్చడానికి మనుషులెవరూ రారు. ఉన్న కీలన్నీ నేర్చుకోవాలని కూర్చోకు, ఎనిమిదో పదో చాలు: ముందుకు, వెనక్కి, తిప్పడం, గేర్, దిగడానికి అనుమతి. వాటిని నీ వేళ్లకి అందేచోట పెట్టుకో. ఒక కాగితం మీద రాసి తెర పక్కన అంటించు. ఒక్కో సాయంత్రానికి ఒక్కటే పని. దిగడం అంటే దిగడమే. సరుకు మోయాలి, డబ్బు చెయ్యాలి అని కలపకు. డబ్బు చేతికొచ్చి పెద్ద షిప్పు కొన్నావంటే మాత్రం, అది పోతే తిరిగి తెచ్చుకోవడానికి ధరలో 5 శాతం కట్టాలని గుర్తుంచుకో. ఆ మాత్రం చేతిలో లేకుండా బయల్దేరకు. నేను బయల్దేరాను. రెండు వారాల సంపాదన పోయింది.

గ్రహం దగ్గర వేగం ఆపలేక దాటిపోతున్నావన్నావు కదా, చేరడానికి పట్టే సమయం 7 సెకన్లకి దిగగానే థ్రాటిల్, అంటే వేగం పెంచి తగ్గించే మీట, ముప్పావుకి తగ్గించు. ఇక కదిలించకు. అదే సర్దుకుంటుంది. ఇది ఒక్కటి తెలియక నేను స్టేషన్ చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు ప్రదక్షిణాలు చేశాను.

డాకింగ్ కంప్యూటర్ పెట్టుకుంటే షిప్పు దానంతటదే దిగుతుంది. అది వాడితే ఆడినట్టు కాదని అన్నయ్య అంటాడు, పట్టించుకోకు. 1984లోనే కొనుక్కునేవాళ్లు దాన్ని. రెండుసార్లు చేత్తో దిగి, ఆ ఠక్ నీకు ఏమైనా అనిపిస్తుందో లేదో చూసుకుని, తర్వాత కంప్యూటర్‌కి వదిలెయ్యి.

మూడు సాయంత్రాలయ్యాక, ఎంత బాగా ఆడావన్నది లెక్కపెట్టుకోకు. మర్నాడు ఇంకేదో పని చేస్తూండగా "అప్పుడు కొంచెం ముందే తగ్గించి ఉంటే?" అని దానంతటది గుర్తొచ్చిందా లేదా, అది చూసుకో. రాకపోతే తీసేసెయ్యి, డిస్క్‌లో చోటైనా మిగులుతుంది. నాకెందుకో నీకు కెర్బలే పడుతుందేమో అని కూడా అనిపిస్తోంది. విడదీసి మళ్లీ కట్టడం నీకిష్టం. ఎలీట్ చేతి నేర్పు అడుగుతుంది, ఒంటరితనం అడుగుతుంది. కెర్బల్ పిచ్చి ప్రయోగాలు అడుగుతుంది, పేలినా నవ్వొస్తుంది. ఒకటి నచ్చలేదని రెండోదీ నచ్చదని అనుకోవద్దు.

అన్నయ్యకి విడిగా నేనే చెబుతా. నచ్చినవాడు పక్కన కూర్చుని "అలా కాదు, ఇలా" అంటుంటే ఎవరికైనా విసుగే. తప్పు చేసి, ఎందుకో తనంతట తాను కనుక్కోవడంలోనే కదా ఇందులో రుచంతా. వాడు ముందే జవాబు చెప్పేసి ఆ రుచి కాస్తా తినేశాడు.

శనివారం రాత్రి ఖాళీగా ఉంటే స్క్రీన్ షేర్ చెయ్యి. నేను మైక్ ఆపేసి చూస్తుంటా. గేర్ మర్చిపోయినా చెప్పను.

ఉంటాను,
మీ బాబాయి