గోతిలో ఉడికే ఫిజీ విందు

ప్రశ్న: ఫిజీలో పెద్ద విందులకు మాంసాన్నీ దుంపలనూ నేలలో పాతిపెట్టి వండుతారట. మంట తీసేసి మట్టి కప్పితే అవి ఎలా ఉడుకుతాయి? వాటికి మట్టి అంటుకోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు విన్నది నిజమే. ఆ పొయ్యిని ఫిజీయులు ‘లోవో’ అంటారు. అందులో వంట చేసేది మంట కాదు, రాయి. గొయ్యి తవ్వి, కట్టెలు పేర్చి, వాటి మీద రాళ్లు పెట్టి నిప్పు రాజేస్తారు. రాళ్లు బాగా కాలాక, మిగిలిన కొరకంచులను బయటికి లాగేసి, పొడవాటి కర్రలతో ఆ రాళ్లను అడుగున సమంగా పరుస్తారు. కొరకంచు లోపల ఉండిపోతే వంటంతా పొగ కంపు కొడుతుంది. ఏ రాయి పడితే ఆ రాయి కూడా పనికిరాదు: లోపల తడి ఉన్న రాయి వేడికి పేలి పెచ్చులు ఎగరవచ్చు. అన్నట్టు, బెంగా దీవిలోని సవావు తెగవారు కాలిన రాళ్లపై నడిచే ప్రసిద్ధ ఆచారానికి ‘విలవిలైరెవో’ అని పేరు. పొయ్యిలోకి దూకడమని దాని అర్థం.

రాళ్లకు దగ్గరగా ఆలస్యంగా ఉడికే మాంసాన్నీ, చేమ, పెండలం, కర్రపెండలం వంటి దుంపలనూ, పైన సున్నితమైన వాటినీ సర్దుతారు. కొబ్బరాకు బుట్టల్లోనో, అరిటాకుల్లోనో, ఈ రోజుల్లో అయితే అల్యూమినియం రేకులోనో చుట్టి ఉంటాయి కనుక మట్టి అంటుకునే ప్రమాదం తక్కువ. ఆపైన మళ్లీ అరిటాకులు, తడిపిన గోనెలు కప్పి, అంచుల దాకా మట్టి ఎగదోస్తారు. రాళ్ల వేడికి ఆకుల్లోని, పదార్థాల్లోని నీరు ఆవిరై, పోయే దారిలేక లోపలే తిరుగుతుంది. ఎక్కడైనా ఆవిరి చిమ్మితే అక్కడ ఇంకో పార మట్టి వేస్తారు. మామూలుగా రెండు మూడు గంటలు పడుతుంది. మధ్యలో మూత తీసి చూసే వీలు లేదు కాబట్టి అంతా అనుభవం మీదే నడుస్తుంది. సంప్రదాయంగా ఇది మగవాళ్ల పని.

నా మటుకు లోవోకు అసలు పరీక్ష పలుసామి. లేత చేమాకులను అరచేతిలో దొన్నెలా పట్టుకుని, ఉల్లిముక్కలు కలిపిన చిక్కటి కొబ్బరిపాలు పోసి, అంచులు దగ్గరకు మడిచి మూటకడతారు. పచ్చి చేమాకులోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు నోటినీ గొంతునూ దురదపెడతాయి కనుక అది బాగా మగ్గి తీరాలి. సరిగ్గా కుదిరిన మూట విప్పితే ఆకు వెన్నలా మెత్తబడి, కొబ్బరిపాలు చిక్కబడి దానికి పట్టుకుని ఉంటాయి.

ఇక విందును ‘మంగితి’ అంటారు. పెళ్లికైనా చావుకైనా అది ఉండాల్సిందే. పొయ్యిలోంచి తీసింది తీసినట్టు తినరు. అతిథుల ముందు కుప్పగా పేర్చి, ఒక పెద్దమనిషి లాంఛనంగా మాట్లాడి సమర్పిస్తే, అవతలి పక్షం అరచేతులను దొప్పలా పట్టుకుని చప్పట్లు చరిచి స్వీకరిస్తుంది. ఆ తర్వాతే పంపకాలు. ఎవరికి ఏ భాగం చెందాలన్నది హోదాను, వరసను బట్టి ఉంటుంది.