ద్రవాల ఉష్ణవాహకత ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ద్రవాల ఉష్ణవాహకతను కొలిచే ప్రాజెక్టు ఇచ్చారు. స్నేహితురాళ్లంతా డేటా సైన్స్ కోర్సుల్లో చేరుతున్నారు. దీన్ని మొక్కుబడిగా ముగించి కోడింగ్ నేర్చుకోమని చెప్పమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: వద్దండీ. ఆ ప్రాజెక్టును సరిగ్గా చేస్తే కోడింగ్ కూడా అందులోనే వస్తుంది.

ఉష్ణవాహకతను, అంటే పదార్థం గుండా వేడి ఎంత తేలిగ్గా ప్రవహిస్తుందో కొలిచే లీ డిస్క్ ప్రయోగాన్ని మీ అమ్మాయి డిగ్రీలో చేసే ఉంటుంది. గాజు, ఎబొనైట్ లాంటి ఘనపదార్థాలకు అది చక్కగా సరిపోతుంది. ద్రవం అలా కుదురుగా ఉండదు. వేడి తగలగానే కదిలి, ఆ వేడిని తనతో మోసుకుపోతుంది. అప్పుడు మనం కొలిచేది వాహకత కాదు, సంవహనం. పలుచని పొరగా పరిచి పైనుంచి వేడి చేసే పద్ధతులున్నాయి కానీ, ఉష్ణోగ్రత నిలకడగా మారేదాకా చాలాసేపు కాచుకోవాలి.

అందుకే హాట్ వైర్ పద్ధతి వచ్చింది. వెంట్రుక కన్నా సన్నని ప్లాటినం తీగను ద్రవంలో ముంచి, స్థిరమైన కరెంటు పంపుతారు. వేడెక్కేకొద్దీ తీగ నిరోధం పెరుగుతుంది కాబట్టి హీటరూ అదే, థర్మామీటరూ అదే. కాలం సంవర్గమానానికి ఎదురుగా ఉష్ణోగ్రత పెరుగుదలను గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలు నుంచి వాహకత తెలుస్తుంది. సంవహనం మొదలయ్యేలోపు, సుమారు ఒక సెకనులో, పని పూర్తవ్వాలి. అంత వేగంగా రీడింగులు తీసుకుని రేఖకు అమర్చాలంటే పైథాన్ భాషలో కోడింగ్ కావాలి. రేఖ మొదట్లో ఎందుకు వంగింది, చివర్లో ఎందుకు వంగింది అని చెప్పాలంటే మాత్రం ఫిజిక్స్ కావాలి. ఇంటర్వ్యూలో అడిగేది ఈ రెండోదే.

ఒక హెచ్చరిక. గైడు నానో ద్రవాలు (అతి సూక్ష్మమైన నానో కణాలు కలిపిన ద్రవాలు) ఇస్తే జాగ్రత్తగా ఉండమనండి. 1995లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో స్టీఫెన్ చోయ్ ఆ ఆలోచనను ముందుకు తెచ్చాక, వాహకత అసాధారణంగా పెరిగిందంటూ పత్రాలు కుప్పలుగా వచ్చాయి. 2009లో ముప్పైకి పైగా సంస్థలు ఒకే నమూనాలను కొలిచి పోల్చుకుంటే, ఆ నమూనాల్లో అసాధారణమేమీ కనిపించలేదు. పాత సిద్ధాంతం చెప్పినంతే పెరిగింది. నలభై శాతం పెరిగిందని రాసి, నీటిని ఒక్కసారైనా కొలిచి చూడని విద్యార్థిని నేనైతే ఎంపిక చేయను.

‘ఉష్ణవాహకత నిపుణులు కావలెను’ అనే ప్రకటన మీకు ఎక్కడా కనిపించకపోవచ్చు. అవసరం వేరే పేర్లతో ఉంటుంది: ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీ శీతలీకరణ, డేటా సెంటర్లలో సర్వర్లను ముంచే ద్రవాలు, ట్రాన్స్‌ఫార్మర్ నూనెలు. ఇంజిన్ కూలెంట్లకు ఈ హాట్ వైర్ పద్ధతితోనే ఏఎస్‌టీఎం డి7896 అనే పరీక్షా ప్రమాణం ఉంది. పరిశోధన వైపు వెళ్తానంటే సీఎస్‌ఐఆర్ నెట్, గేట్, జెస్ట్ లాంటి అర్హత పరీక్షలు రాయాలి. కొలతల శాస్త్రానికి ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉంది. ద్రవ సోడియంతో చల్లబరిచే అణు రియాక్టర్లపై పనికి తమిళనాడులోని కల్పాక్కం అణు పరిశోధన కేంద్రం ఉంది. తొలి జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువగా ఉండవచ్చు, ఆ సంగతి ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

ప్రస్తుతానికి మీ అమ్మాయి చేయాల్సింది ఒకటే. ముందు స్వేదనజలం, టోలుయిన్ అనే ద్రావణి వాహకతలను కొలవాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద నీటికి దాదాపు 0.607, టోలుయిన్‌కు 0.131 వాట్/మీటర్-కెల్విన్ రావాలి. ఈ రెండూ సరిపడే వరకు కొత్త ద్రవం జోలికి పోవద్దనండి. ఉప్పునీరు లాంటివైతే కరెంటు ద్రవంలోకి కారిపోతుంది కనుక వట్టి ప్లాటినం తీగ పనికిరాదు. ఆక్సైడ్ పూత ఉన్న టాంటలం తీగ దొరుకుతుందేమో గైడును అడగమనండి.