పన్ను తీసిన చోట ఎముక బయటపడింది.. క్యాన్సర్ దవడకూ పాకిందా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకడంతో రెండేళ్లుగా నెలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిస్తున్నారు. షుగర్ కూడా ఉంది. మూడు నెలల కింద దవడ పన్ను కదులుతోందని ఇంటి దగ్గర క్లినిక్‌లో తీయించాం. ఆ గుంత ఇంకా పూడలేదు. లోపల పసుప్పచ్చగా ఎముక కనిపిస్తోంది, నోరు వాసన వస్తోంది. నొప్పి పెద్దగా లేదు. క్యాన్సర్ దవడకూ పాకిందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంజెక్షన్ ఆపేయాలా?
- ఓ పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

సలహా: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, దవడ ఎముకలో కొంత భాగం చచ్చుబడినట్టుంది. దీన్ని ఆస్టియోనెక్రోసిస్ అంటారు. జోలెడ్రోనిక్ యాసిడ్ లాంటి మందు వాడుతూ, దవడకు రేడియేషన్ తీసుకోనివారిలో ఎముక 8 వారాలు దాటినా బయటే ఉంటే మొదట అనుమానించేది దీన్నే. అయినా క్యాన్సర్ కాదని తేల్చుకోవాల్సిందే. అందుకు స్కాన్ తీస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

ఎముకలో పాతబడిన భాగాన్ని కొన్ని కణాలు తినేస్తుంటే, ఆ చోట కొత్త ఎముక తయారవుతుంటుంది. క్యాన్సర్ ఈ తినే కణాలను రెచ్చగొడుతుంది. వాటిని అదుపు చేసి, వెన్నెముక, తుంటి విరగకుండా కాపాడటానికే అమ్మకు ఈ మందు ఇస్తున్నారు. చిక్కల్లా దవడతోనే. రోజంతా నమిలే ఒత్తిడి వల్ల అక్కడ ఎముక మరమ్మతు వేగంగా జరుగుతుండాలి. పైన కప్పు పలుచటి చిగురు మాత్రమే, నోట్లో బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటుంది. పన్ను తీశాక గుంత అంచుల్లో దెబ్బతిన్న ఎముకను తొలగించాల్సిన కణాలు మందు వల్ల మందగిస్తాయి. ఇన్ఫెక్షన్ చేరుతుంది, రక్తం అందని ముక్క అలాగే మిగిలిపోతుంది. పై దవడ కన్నా కింది దవడలో ఇది ఎక్కువ.

పన్ను తీసిన డాక్టర్ మీద కోపం వద్దు. కదిలే పన్ను కింద చాలాసార్లు ఇన్ఫెక్షన్ ముందే ఉంటుంది, చచ్చుబడటం అక్కడే మొదలై ఉండొచ్చు. షుగర్ అదుపులో లేకపోవడం, స్టెరాయిడ్లు, కీమో, పొగాకు, చిగుళ్ల జబ్బు, ఒరుసుకునే కట్టుడు పళ్లు ముప్పును పెంచుతాయి. ఎముకల కోసమే ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌తోనూ, బెవాసిజుమాబ్, సునిటినిబ్ లాంటి కొన్ని క్యాన్సర్ మందులతోనూ ఇలా రావచ్చు. నోటి క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకున్నవారికి, అంటే రేడియేషన్ తీసుకున్నవారికి, మందుతో పనిలేకుండానే ఏళ్ల తర్వాతైనా దవడ చచ్చుబడొచ్చు. 2021లో కొవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్‌తో పై దవడ పోగొట్టుకున్నవాళ్లను మనం చూశాం. 19వ శతాబ్దంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో తెల్ల భాస్వరం పొగ పీల్చిన కార్మికులకూ దవడలు కుళ్లిపోయేవి.

ఎముకలు గుల్లబారాయని మాత్రలో, ఇంజెక్షనో వాడే పెద్దవాళ్లు ఇది చదివి భయపడొద్దు. ఇదే జోలెడ్రోనిక్ యాసిడ్ వాళ్లకు ఏడాదికి ఒక్కసారే ఇస్తారు. వాళ్లలో ఈ సమస్య 10,000 మందిలో కొద్దిమందికే వస్తుంది. క్యాన్సర్ మోతాదులో వాడేవారిలోనూ 100కు 5 లోపే. తుంటి విరిగే ప్రమాదం అంతకన్నా చాలా పెద్దది.

ఇంజెక్షన్ మీ అంతట మీరు ఆపొద్దు. ఇప్పటిదాకా ఎక్కిన మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి, ఆపినంత మాత్రాన గుంత వెంటనే పూడదు. కొంతకాలం ఆపాలా, మూడు నెలలకోసారికి మార్చాలా అన్నది క్యాన్సర్ డాక్టర్ తేలుస్తారు. ఈ వారమే అమ్మను నోటి, దవడ సర్జన్‌కు చూపించండి. విక్టోరియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనూ ఈ నిపుణులు ఉంటారు. వెళ్లేటప్పుడు ఇంజెక్షన్ తేదీలున్న ఫైలు తీసుకెళ్లండి. తొలి దశలో యాంటీసెప్టిక్ మౌత్‌వాష్, అవసరమైతే యాంటీబయాటిక్స్ ఇస్తారు. విడిపోయిన ఎముక ముక్క ఉంటే తీసేస్తారు. ముదిరితే ఆపరేషన్ ఉంటుంది. ఈలోగా ఆ చోట టూత్‌పిక్‌తో గీకడం, లవంగ నూనె పెట్టడం వద్దు. మరో పన్ను కదిలినా సర్జన్‌ను అడగకుండా తీయించొద్దు.

కింది పెదవి, గడ్డం మొద్దుబారినా, దవడ వాచి జ్వరం వచ్చినా, గడ్డం కింద చీము కారినా, కొరికితే పళ్లు సరిగ్గా కలవకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.